ఎర్రనీళ్లు నాలుగు రోజులు

జిల్లాలను విడగొట్టిన ఏడాది వేసవిలో నన్ను శ్రీకాళహస్తి డివిజనుకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. పదవీ విరమణకు రెండేళ్లకు కాస్త తక్కువ మిగిలి ఉంది. అంతకు ముందు ఉద్యోగమంతా చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు చెరువుల మీదే గడిచింది. కట్టలు, తూములు, నీళ్లు పొర్లే మరవలు, కట్టల మీద మొలిచిన కంపచెట్లు, ఆ కంపచెట్లను కొట్టించమని పైకి రాసిన ఉత్తరాలు, కొట్టించలేదేమని పై నుంచి వచ్చిన ఉత్తరాలు. సముద్రంతో నా పరిచయం మద్రాసు బీచిలో కాగితం పొట్లంలో తిన్న శనగ సుండల్ వరకే. అలాంటిది ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో సముద్రం మా జిల్లాలోకి వచ్చేసింది. మా శాఖ పరిధిలో అంత నీరు అంత త్వరగా చేరడం నేను మళ్లీ చూడలేదు.

మా శాఖలో హోదాల వరుస బయటివాళ్లకు అర్థం కాదు కాబట్టి చెబుతాను. అన్నిటికన్నా కింద అసిస్టెంట్ ఇంజనీరు. ఇతను స్థలానికి వెళతాడు. అతని పైన డిప్యూటీ. వెళ్లావా అని అడుగుతాడు. ఆ పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే నేను. సంతకం పెడతాను. నా పైన సూపరింటెండింగ్ ఇంజనీరు. మేము ఎస్.ఇ. అంటాం. సంతకం ఎందుకు పెట్టావని అడుగుతాడు. ఆయన పైన చీఫ్ ఇంజనీరు. ఇంకా ఎందుకు పెట్టలేదని అడుగుతాడు.

నేను చేరిన వారానికే నా బల్ల మీదికి వచ్చిన ఫైలు స్వర్ణముఖి ఒండ్రుమట్టి మళ్లింపు పథకం. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక. కార్తీకం అటూ ఇటూగా వానలు ముదిరితే నాలుగు రోజులు నిండు నది. ఆ నాలుగు రోజుల్లో కొండల నుంచి మన్నూ ఇసుకా మోసుకుపోయి వాకాడుకు అవతల సముద్రం దగ్గర పోసేది. పోసిన మట్టితో ఒడ్డు నిలబడేది. తర్వాత ఏటికి అడ్డంగా ఆనకట్టలు, చెక్‌డ్యాములు వచ్చాయి. వాటిలో కొన్నిటికి మేమే కొబ్బరికాయ కొట్టాం. మిగిలిన ఇసుకను ట్రాక్టర్లు ఎత్తాయి. కొన్ని సంవత్సరాలు ఏటిలో నీళ్ల కన్నా ట్రాక్టర్లే ఎక్కువ పారాయి. మట్టి రావడం ఆగేసరికి సముద్రం ఒడ్డును కొరకడం మొదలుపెట్టింది.

ఒడ్డు వెనక, ఆటుపోట్లకు తడిసి ఆరే చిత్తడి నేల ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని పర్ర అంటారు. పర్ర వెనక ఉప్పుదిబ్బపాళెం అనే ఊరు. పర్ర కరిగిపోతే తర్వాతి వంతు ఊరిది. పథకం సారాంశం ఏమిటంటే, సముద్రానికి కొంచెం ఎగువన ఏటి కుడిగట్టుకు గండి కొట్టి, అక్కడ షట్టర్లతో ఒక రెగ్యులేటరు కట్టి, వరద నీటిని కాలువ ద్వారా పర్ర మీదికి వదలాలి. మట్టి అక్కడ పేరుకుని నేల లేస్తుంది, మడచెట్లు మొలుస్తాయి, సముద్రం వెనక్కి తగ్గుతుంది. కాగితం మీద అంతా బాగుంది.

ఆ కాగితాన్ని తయారు చేసింది ఒక సలహా సంస్థ. నివేదిక ఇటుకంత మందం. వేరే దేశంలో ఏదో మహానదికి రాసిన దాన్ని మా ఏటికి కుదించారని మూడో పేజీలోనే అర్థమైంది. మా అసిస్టెంట్ ఇంజనీరు చెంగల్రాయులు దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి నా గదికి వచ్చాడు. పలమనేరు మనిషి. నీళ్లంటే భయం. నీటిపారుదల శాఖలో ఇరవై ఏళ్లుగా ఆ భయంతోనే నెట్టుకొస్తున్నాడు.

"మేడం, మంచు కరిగే కాలంలో వరద ఎక్కువొస్తుందని రాసినారు. మంచు యాడ కురిసిండాది మేడం? తలకోనలోనా?" అన్నాడు.

మంచును కొట్టేశాం. మిగతా నివేదిక నుంచి నేను ఆరు పేజీల నోటు తయారు చేశాను. నోటు అంటే పై అధికారులు నివేదిక చదవకుండా చదివినట్టు సంతకం పెట్టడానికి వీలుగా కింది అధికారి రాసే సంగ్రహం. అందులో నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది: "స్థానికుల జీవనోపాధిపై చెప్పుకోదగిన ప్రతికూల ప్రభావం ఉండదు." అది నివేదికలోంచి తిన్నగా దిగిన వాక్యం. నేను దాన్ని చదివాను. "ప్రతికూల"లో ఒక అచ్చుతప్పు ఉంటే దిద్దాను కూడా. తర్వాత సంతకం పెట్టాను. గడువు దగ్గర పడింది కాబట్టి స్థల పరిశీలన సంతకం తర్వాతికి వాయిదా పడింది. మా పద్ధతిలో ఇది అరుదేమీ కాదు.

ప్రజాభిప్రాయ సేకరణకు రెండు వారాలు ఉందనగా నేనూ చెంగల్రాయులూ ఉప్పుదిబ్బపాళెం వెళ్లాం. పర్ర చూపించడానికి ఊరివాళ్లు పోలమ్మను పంపారు. నా ఈడుదే. చేతిలో ఇనప కొక్కెం ఉన్న పొడవాటి కడ్డీ, నడుముకు బుట్ట. పర్రలో బొరియల్లోంచి ఎండ్రకాయలను లాగడం ఆమె పని. నివేదికలో వాటి పేరు పీతలు. ఊరిలో ఇరవై ముప్పై మంది ఆడవాళ్లకు అదే బతుకు. ఆ గుంపుకు ఈమె పెద్ద. నివేదికలో వీళ్ల గురించి ఒక్క మాట లేదు. పడవలున్న మగవాళ్లనే మత్స్యకారులుగా లెక్కలోకి తీసుకున్నారు.

గట్టు దిగిన పది అడుగులకే చెంగల్రాయులు మోకాలి దాకా దిగబడ్డాడు. కాలు వచ్చింది, బూటు రాలేదు. పోలమ్మ కొక్కెం పెట్టి బూటును కూడా ఎండ్రకాయలాగే లాగింది. అతనికి ఇచ్చి, నా వైపు తిరిగి అడిగింది.

"మేడమ్మా, నీళ్లు ఎన్ని దినాలు వదల్తారు?"

వరద కాలమంతా, సుమారు రెండు నెలలు అని చెప్పాను. నివేదికలో అంతే ఉంది. ఎన్ని రోజులు తెరిస్తే అంత నీరు, ఎంత నీరైతే అంత మట్టి, ఎంత మట్టైతే అంత పెద్ద పథకం.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. పర్రలో సముద్రపు పాయ గట్టు తెగి నిటారుగా నిలిచిన చోటుకు తీసుకెళ్లి కడ్డీతో గీసింది. మట్టి పొరలు పొరలుగా ఉంది. ఎరుపు, దాని కింద నలుపు, మళ్లీ ఎరుపు.

"ఎర్రది ఏటి మన్ను. నల్లది సముద్రం మన్ను. మా అమ్మ కాలంలో ఎర్రది ఏటేటా వచ్చేది. వచ్చిన మరుసటేడు ఎండ్రకాయ చెయ్యంత పెరిగేది. మన్ను మాకేం చేదు కాదు. ఎర్రనీళ్లు నాలుగు రోజులొస్తాయి. దాంతోనే మన్నొస్తాది. ఆ తర్వాత వచ్చేది తెల్లనీళ్లు. దాంట్లో మన్ను ఉండదు, ఉప్పూ ఉండదు. అది నెలంతా నిలబడితే పర్రలో ఒక్క ఎండ్రకాయ మిగల్దు. మీరు తెల్లనీళ్లు కూడా వదల్తామంటా ఉండారు."

నేను జేబులోంచి టేపు తీసి పొరలు కొలిచాను. కొలవడం వల్ల ఆమె చెప్పిందానికి ఏమీ కలవలేదు. కానీ ఇంజనీరు ఏదో ఒకటి చేయాలి కదా.

తిరుగు దారిలో జీపు ఆపి చిత్రాన్నం తింటున్నప్పుడు నాకు సిగ్గు వేయడం మొదలైంది. ఎందుకంటే ఆమె చెప్పింది నాకు తెలిసిన విషయమే. వరద ఎక్కేటప్పుడు నీటిలో మట్టి ఎక్కువ, దిగేటప్పుడు చాలా తక్కువ. ఇది ఇంజనీరింగ్ మూడో ఏడాది పాఠం. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. షట్టర్లు వరద ఎక్కుతున్న నాలుగైదు రోజులు తెరిచి, దిగడం మొదలవగానే మూసేస్తే మట్టిలో చాలా భాగం వచ్చేస్తుంది, మంచినీరు పర్ర మీద నిలవదు. నేను ముప్పై ఏళ్ల అనుభవంతో మరిచిపోయిన దాన్ని ఆమె రోజూ మోకాలి లోతులో చూస్తోంది.

షట్టర్ల నిర్వహణకు కొత్త నియమం ఒక పేజీలో రాసుకుని తిరుపతిలో ఎస్.ఇ. గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు. ఫైలు ఆగకుండా చూసుకోవడం తప్ప జీవితంలో ఇంకే దురలవాటూ లేదు. నా పేజీని చదివి, సరైనదే అన్నాడు. తర్వాత దాన్ని నాకే తిరిగి ఇచ్చాడు.

"సుగుణమ్మా, ఇప్పుడు ఇది పెడితే లెక్కలన్నీ మళ్లీ చేయమంటారు. మంజూరు ఆగిపోతుంది. రిటైరయ్యే వయసులో నీకెందుకు పరిశోధనలు? హియరింగులో నోటు ఉన్నది ఉన్నట్టు చదువు. మిగతాది తర్వాత చూద్దాం."

తర్వాత చూద్దాం అన్నవి మా శాఖలో ఎక్కడ ఉంటాయో నాకు తెలుసు. నా బీరువాలోనే ఒక అర నిండా ఉన్నాయి. అయినా ఆయన మాటకు తలూపి వచ్చాను.

ప్రజాభిప్రాయ సేకరణ తుఫాను షెల్టరు ముందు షామియానా కింద జరిగింది. పథకం వల్ల ప్రభావితమయ్యే ప్రాంతంలో, ప్రజల భాషలో సారాంశం పంచి, ఎవరు మాట్లాడినా రాసుకోవాలన్నది పద్ధతి. ఎవరు మాట్లాడినా అన్న చోటే వచ్చింది ఇబ్బంది. శ్రీకాళహస్తి వైపు నుంచి రెండు లారీల్లో రైతులు వచ్చారు. ఏటి మన్ను తమ పొలాలదని, దాన్ని ఎండ్రకాయలకు ఎలా పోస్తారని అడిగారు. రొయ్యల చెరువుల యజమాని ఒకాయన మంచినీరు మొత్తం తన చెరువులకే వదిలితే పర్యావరణానికి మేలని చెప్పాడు. తిరుపతి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఈ మట్టి పుణ్యకొండల మీది నుంచి వచ్చింది కాబట్టి దాని మీద జీవహింస కోసం జంతువులను పెంచరాదన్నాడు. అందరికన్నా ఆవేశంగా మాట్లాడినవాడు ఇసుక వ్యాపారి. చేపల బాధను తలుచుకుని అతని గొంతు రెండుసార్లు పూడుకుపోయింది. గండి కొడితే ఆ దరిదాపుల్లో ఇసుక ఎత్తనివ్వరన్న సంగతి మాత్రం ప్రస్తావించలేదు.

సలహా సంస్థ నిపుణుడు తెర మీద బొమ్మలు వేశాడు. మిట్టమధ్యాహ్నపు ఎండకు తెర తెల్లగా మెరిసింది తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన మాత్రం ఇక్కడ పచ్చగా ఉన్నది భవిష్యత్తు అని చెబుతూనే పోయాడు. నేను నోటు చదివాను. నాలుగో పేజీ వచ్చినప్పుడు గొంతు కొంచెం తగ్గించి, కొంచెం వేగం పెంచి ఆ వాక్యం దాటేశాను. మైకులో అది ఎవరికీ వినిపించలేదనే అనుకున్నాను.

అప్పుడు పోలమ్మ లేచింది. పక్కన ఆమె కోడలు, సభలో పంచిన సారాంశం, అంటే నా నోటే, పట్టుకుని నిలబడింది. పోలమ్మ చెప్పగానే నాలుగో పేజీలోని ఆ వాక్యాన్ని నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చదివింది.

"చెప్పుకోదగిన నష్టం ఉండదంట. మేం ముప్పై మందిమి ఉండాం. మేం చెప్పుకోదగినోళ్లం కాదా? ఈ మాట రాసినోళ్లు ఎవురు?" అని పోలమ్మ అడిగింది.

నిపుణుడు తన కంప్యూటరు వైపు చూశాడు. ఎస్.ఇ. గారు నా వైపు చూడకుండా ఉండడానికి సముద్రం వైపు చూశాడు. అధ్యక్షత వహించిన అధికారిణి పెన్ను పట్టుకుని ఎవరు అని అడిగారు. ఆ ప్రశ్నకు సరైన జవాబులు మా దగ్గర చాలా ఉంటాయి. సంబంధిత విభాగం అనవచ్చు. నివేదిక ఆధారంగా అనవచ్చు. పరిశీలిస్తాం అనవచ్చు. ఈ మూడూ నేను ఎన్నోసార్లు వాడాను. ఆ రోజు అవి నోటికి రాలేదు. ధైర్యం అని చెప్పుకోను. నా బండారం తెలిసిన మనిషి పది అడుగుల దూరంలో నిలబడి చూస్తోంది, తప్పించుకోవడానికి చోటు లేదు.

లేచి మైకు తీసుకున్నాను. "నేనే సంతకం పెట్టినాను. ఆ మాట తప్పు. పర్ర చూడకముందు రాసింది," అన్నాను. ఉద్యోగంలో చేరాక సభలో మా ఊరి యాసలో మాట్లాడడం అదే మొదటిసారి. తర్వాత సంచిలోని నా పేజీ తీసి, ఎర్రనీళ్లు వచ్చే రోజులే షట్టర్లు తెరవాలన్న నియమాన్ని చదివి, ఇది చెప్పింది పోలమ్మ అనీ చెప్పాను.

చప్పట్లు కొడతారని ఎక్కడో ఒక మూల అనుకున్నానేమో. ఎవరూ కొట్టలేదు. పోలమ్మ కూర్చోలేదు.

"సరే మేడమ్మా. నాలుగు రోజులే వదిలినా మొదుటి రెండేళ్లు మన్ను కింద బొరియలు పూడిపోతాయి. ఆ రెండేళ్లు మేమేం తినాల?"

దానికి నా దగ్గర జవాబు లేదని, నా నోటులో ఆ ప్రశ్న కూడా లేదని చెప్పాను. అధ్యక్షురాలు, ఆమె ఆడమనిషి కావడం వల్లో కాదో తెలియదు, ప్రశ్నను ఉన్నది ఉన్నట్టుగా మినిట్సులో రాయించింది. మినిట్సులోకి ఎక్కిన ప్రశ్నకు ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు జవాబు రాయాల్సిందే. ప్రభుత్వంలో అదొక్కటే నమ్మదగిన యంత్రం.

తిరుగు ప్రయాణంలో ఎస్.ఇ. గారు నన్ను తన కారులో ఎక్కించుకోలేదు. నాలుగో రోజున మెమో వచ్చింది. ఆమోదం పొందిన నోటుకు విరుద్ధంగా బహిరంగ సభలో మాట్లాడినందుకు నాపై చర్య ఎందుకు తీసుకోకూడదో వివరించాలి. నోటులో తప్పు ఉంది కాబట్టి, ఆ తప్పు ఎవరి మీద పడుతుందో వాళ్ల ముందే దిద్దానని రెండు వాక్యాల్లో జవాబిచ్చాను. ఇలాంటి జవాబుకు శాఖలో ఫారం లేదు. అందువల్ల ఫైలు ఏడాదికి పైగా బల్ల నుంచి బల్లకు తిరిగింది. మా ఇంట్లో భయపడ్డారు. క్రమశిక్షణ చర్య పెండింగులో ఉంటే విరమణ కాగితాలన్నీ ఆగిపోతాయి. నేనూ భయపడ్డాను, పైకి మాత్రం చెంగల్రాయుల బూటు గురించి జోకులు వేస్తూ తిరిగాను.

లెక్కలన్నీ మళ్లీ చేయాల్సి రావడంతో పెద్ద పథకం అటకెక్కింది. దాని బదులు రెండు షట్టర్లతో చిన్న ప్రయోగాత్మక గండి మంజూరైంది. పోలమ్మ ప్రశ్నకు జవాబుగా కాలువ పనులూ, మడ మొక్కలు నాటడమూ రెండేళ్ల పాటు ఎండ్రకాయల గుంపు ఆడవాళ్లకే ఇవ్వాలని రాశారు. షట్టర్లు మూసే సమయాన్ని నిర్ణయించడంలో వాళ్ల మాట తీసుకోవాలని కూడా రాశారు. "తెల్లనీళ్లు" సాంకేతిక పదం కాదని పై ఆఫీసు అభ్యంతరం పెట్టింది. దానికి నిర్వచనం రాసి పంపాం: సీసాలో పట్టి ఒక పూట ఉంచితే అడుగున వేలి గోరంత మట్టి కూడా పేరుకోని నీరు. ఇప్పటికీ ఆ నిర్వహణ పుస్తకంలో తెల్లనీళ్లు అనే అధికారిక పదం ఉంది. నా ఉద్యోగంలో నేను తెలుగుకు చేసిన సేవ అంతే.

నేను విరమించడానికి ముందు వచ్చిన వానల్లో ఏరు పారింది. ఎర్రనీళ్లు రాగానే షట్టర్లు ఎత్తాం. అయిదో రోజు పొద్దున పోలమ్మ సీసా చూపించి, మూసేయమంది. ఒక షట్టరు దిగింది. రెండోది సగంలో బిగుసుకుపోయింది. వరదలో కొట్టుకొచ్చిన కంపచెట్టు కింద ఇరుక్కుంది. మనుషులను పిలిపించేలోపు తెల్లనీళ్లు పర్ర మీదికి పోతూనే ఉంటాయి. నేను ఫోను కోసం సంచి వెతుకుతుంటే చెంగల్రాయులు చొక్కా విప్పి, నడుముకు తాడు కట్టుకుని, కొడవలి పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు నీళ్లంటే భయం గదయ్యా," అన్నాను.

"భయమే మేడం. గట్టిగా పట్టుకోమనండి," అన్నాడు.

తాడు అవతలి కొస పోలమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్లూ పట్టుకున్నారు. చెంగల్రాయులు చంకల దాకా నీటిలో నిలబడి, దేవుళ్ల పేర్లూ మా శాఖను తిట్టే బూతులూ కలిపి వరుసగా చదువుతూ కంపను ముక్కలు ముక్కలుగా నరికాడు. షట్టరు దిగేసరికి గంటన్నర పట్టింది. పైకి లాగాక అతని చేతుల నిండా ముళ్లు. ఆ రోజు రిజిస్టరులో షట్టరు మూసిన సమయం, "చిన్న అవరోధం తొలగించబడింది" అని మాత్రమే రాసుకున్నాం.

ఫలితం ఎవరి వాదననూ పూర్తిగా నిలబెట్టలేదు. పర్రలో మూడు వేళ్ల మందం ఎర్రమట్టి పేరుకుంది. ఆ ఏడాది ఎండ్రకాయలు సగానికి పైగా తగ్గాయి. కూలిపని వల్ల ఇళ్లు నడిచాయి కానీ కాలువ తవ్వడం ఎండ్రకాయలు పట్టడంలా ఉండదని, ఎవరి కిందా పని చేయని తనను కూలిదాన్ని చేశావని పోలమ్మ నా ముఖానే అంది. అదీ నిజమే. మరుసటి ఏడాది మట్టి పడినంత మేర ఉప్పుగడ్డి మొలిచింది, మడ మొక్కలు కొన్ని నిలిచాయి. ఆ మధ్యలో సముద్రం ఊళ్లో చేపలు ఆరబెట్టుకునే అరుగును తినేసింది. ఎగువ రైతులు ఇంకా మట్టి తమదే అంటున్నారు. ఇసుక వ్యాపారి ఇంకా చేపల పక్షానే ఉన్నాడు.

నా మీది చర్య నేను విరమించిన మూడు నెలలకు ముగిసింది. ఇకముందు విధి నిర్వహణలో జాగ్రత్తగా ఉండవలసిందిగా హెచ్చరిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నా విధి నిర్వహణ మా పెరట్లో కరివేపచెట్టుకు నీళ్లు పోయడమే. జాగ్రత్తగానే పోస్తున్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు నా దగ్గరికి వస్తే చెప్పేది ఒకటే. నోటులో ఎక్కడైనా ప్రభావం ఉండదు అని రాయవలసి వస్తే, ఆ ప్రభావం ఎవరి మీద పడుతుందో వాళ్ల ఊరికి వెళ్లి, ఆ వాక్యాన్ని వాళ్ల ఎదుట నిలబడి గట్టిగా చదవాలి. గొంతు ఎక్కడ తగ్గితే అక్కడ వాక్యం తప్పు. అక్కడే దిద్దాలి. ఇది స్థల పరిశీలనలో భాగం. సంతకం దాని తర్వాత.